కాలవ తెచ్చిన విలువ యెవరిది?

కిందటేడు బి.ఏ. తరగతిలో ప్రబంధపాఠం చెబుతూ సప్తసంతానాల ప్రస్తావన తెచ్చాను. కొడుకును కనటం, కృతి నందటం, గుడి కట్టించటం, వనం నాటించటం, అగ్రహారం యివ్వటం, ధనం నిక్షేపించటం, చెరువు తవ్వించటం - యీ యేడూ మనిషి పేరును నిలబెడతాయని పూర్వుల విశ్వాసం. వెనక బల్ల మీది విద్యార్థి వొకడు లేచి, "చెరువు తవ్వించినవాడికి పుణ్యం వస్తుంది సరే, తవ్వినవాడికి యేమొస్తుందండీ?" అని అడిగాడు. తరగతి నవ్వింది. కూలి వస్తుందని చెప్పి నేనూ నవ్వి పాఠం సాగించాను. ఆ జవాబు చాలదని యింటికి వచ్చాక తోచింది. అప్పటి నుంచీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

మేము కృష్ణాజిల్లా మెట్టవాళ్ళం. 2022 యేప్రిల్ నుంచి కాగితాల మీద మాది యెన్.టి.ఆర్. జిల్లా. జిల్లా పేరు మారింది గాని మెట్ట మెట్టగానే వుంది. 1855 నాటికే బెజవాడ దగ్గర ఆనకట్ట లేచింది. దాని కింద డెల్టా పచ్చబడింది. ఆనకట్టకు యెగువన, యేటి వొడ్డునే కాపురముంటూ, నందిగామ, జగ్గయ్యపేట పల్లెలు వానకోసం మొగులు చూస్తూ వచ్చాయి. యేరు పల్లాన, చేలు మిట్టన. యింత కాలం యీ అన్యాయాన్ని ప్రకృతి మీదికి నెట్టటం తేలికైంది. కాని నీరు యెక్కడికి పోవాలన్నది ప్రకృతి వొక్కటే నిర్ణయించేది కాదు. ఖజానా కూడా నిర్ణయిస్తుంది.

ఖజానాను కదిలించటానికి మా వైపు నుంచి గట్టిగా పాటుపడినవాడు వొక జమీందారు. కృష్ణానీటిని పెన్నకు మళ్ళించి దక్షిణాదికి తీసుకుపోవాలని మద్రాసు ప్రభుత్వం తలపెట్టిన రోజులలో, ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదు నందికొండ దగ్గరే ఆనకట్ట కట్టాలని పట్టుబట్టి, సొంత డబ్బు ఖర్చుపెట్టి తిరిగాడు. 1952లో ఖోస్లా సంఘం ఆ చోటు చూసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. జమీందారీల రద్దు చట్టం వచ్చింది 1948లో. అంటే యీయన తిరిగింది తన వర్గం చట్టంలో చచ్చిన తరవాత. జమీందారు తెచ్చాడు గనక అది జమీందారీ ప్రాజెక్టు అనటం పిల్లతనమౌతుంది. అది ప్రజల డబ్బుతో కట్టినది. రైలు టిక్కెట్టు మీద, కిరసనాయిలు మీద, అగ్గిపెట్టె మీద పన్ను కట్టిన ప్రతివాడిదీ అందులో వాటా వుంది.

సాగరాన్ని ప్రధానంగా రాతికట్టడంగా లేపారు. సిమెంటు, విదేశీ యంత్రాలు కొరతగా వున్న దేశంలో మనుషుల చేతులు కొరత కాదు గదా! పని కల్పించటమూ, కట్టడం లేవటమూ వొకే ఖర్చులో జరగాలన్న ఆ నాటి ప్రణాళికాదృష్టిని నేను యిప్పటికీ గౌరవిస్తాను. 1967 ఆగస్టు 4న కాలవలకు నీరు వదిలారు. యెడమ కాలవ నల్లగొండ, ఖమ్మం జిల్లాలు దాటి మా దాకా రావాలి, మేము చివరివాళ్ళం. తవ్వకాలు ఆ తరవాత కూడా సాగాయి. మా అమ్మమ్మ వొక పిల్లకాలవ తవ్వకంలో తట్టలతో మట్టి మోసి కట్ట మీద పోసింది. ఆమెకు సెంటు భూమి లేదు. యిప్పటికీ అటు వెళ్ళేటప్పుడు "మా కాలవ" అంటుంది.

యిక్కడే నైతికప్రశ్న వున్నది. ప్రభుత్వం పెట్టుబడి పెట్టింది. కూలి శ్రమ పెట్టాడు. కూలికి ఆ నాటి కూలి ముట్టింది, లెక్క తీరింది అన్నారు. కాని కాలవ కట్టిన మరునాటి నుంచి దాని పక్కనున్న యెకరం విలువ యెన్నో రెట్లు పెరిగింది. ఆ పెరిగిన విలువను సృష్టించటానికి భూమి యజమాని చేసినదేమిటి? వేరెవరి పేరనో కాక తన పేరన పట్టా వుండటం. ప్రబంధకాలంలో ఫలం తవ్వించిన రాజుకైనా దక్కేది. మన కాలంలో తవ్వించినవాడికీ కాదు, తవ్వినవాడికీ కాదు, పక్కన కూర్చున్నవాడికి దక్కింది. సమాజం పెరగటం వల్ల భూస్వామికి అప్పనంగా వచ్చే విలువ మీద సమాజానికి హక్కున్నదని 19వ శతాబ్దంలోనే జాన్ స్టువార్ట్ మిల్లు వాదించాడు. మిల్లు మన శిబిరం మనిషి కాడు. అయినా యీ మాటలో మనకన్న ముందున్నాడు.

మనం యేం చేశామో చెప్పుకోవటానికి సంకోచపడకూడదు. కాలవ కింద పెరిగిన విలువలో కొంత రాబట్టటానికి ఆంధ్రరాష్ట్రంలో 1955లోనే చట్టం వచ్చింది. భాక్రా కాలవల కింద యిలాంటి పన్నునే 1959లో పంజాబు రైతులు కమ్యూనిస్టుల నాయకత్వాన యెదిరించి వేలాదిగా జైళ్ళకు వెళ్ళారు. మూడెకరాల రైతు మీద పంట చేతికి రాకముందే పన్ను వేస్తే యెదిరించవలసిందే. ఆ పోరాటం వీరోచితమైనది. అయితే "పన్ను వద్దు" అన్న నినాదం కింద మూడెకరాలవాడూ యాభై యెకరాలవాడూ వొకే జెండా పట్టుకుంటే లాభం యెవరిది? పన్ను యెవరి మీద అని అడగవలసిన చోట మనం పన్నే వద్దన్నాము. విలువ సమాజానిదన్న సూత్రాన్ని కూడా ఆ నినాదంతో పాటే వదిలేశామని నా అభిప్రాయం. పెద్దలకు కోపం వస్తే రానీ.

నీరు తగిలిన యెకరం వేరని చట్టమూ వొప్పుకున్నది. 1973 భూసంస్కరణల చట్టం మాగాణికి 10 నుంచి 27 యెకరాలు, మెట్టకు 35 నుంచి 54 యెకరాలు గరిష్ఠపరిమితి పెట్టింది. అంటే నీటి విలువ యెంతో ప్రభుత్వానికి లెక్క తెలుసు.

కౌలు దగ్గర యీ సంగతి మరీ నగ్నంగా కనిపిస్తుంది. 1996లో మాగాణి మొదటి పంటకు నీటితీరువా యెకరానికి 200 రూపాయలు చేశారు. నీరిచ్చే ప్రభుత్వానికి అంత. ఆ నీరు పారే మడి తనదైనందుకు యజమాని కౌలుదారు దగ్గర తీసుకునేది దానికి యెన్నో రెట్లు. కాలవ కింద కౌలు, వానాధారం కౌలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తేడా ప్రజల డబ్బుతో వచ్చిన నీటి ఖరీదు. దాన్ని కౌలుదారు ప్రజలకు కాదు, యజమానికి చెల్లిస్తున్నాడు.

ఆర్థికశాస్త్రం చెప్పే మిత్రుడు యీ వ్యాసం చిత్తుప్రతి చూసి నన్ను నిలవేశాడు. "కాలవ లేకపోతే మీ అమ్మమ్మకు నాట్లున్నాయా, కోతలున్నాయా? పత్తి తీతకూ మిరపకోతకూ వూరివాళ్ళు చాలక పొరుగువూళ్ళ ఆడవాళ్ళను ఆటోలలో తెచ్చుకుంటున్నారు. పని రావటం చిన్న సంగతా?" అన్నాడు. చిన్నది కాదు. దీన్ని తోసిపుచ్చితే నేను అబద్ధమాడినవాణ్ణౌతాను. జగ్గయ్యపేట సున్నపురాయి మీద లేచిన సిమెంటు కర్మాగారాలకూ ప్రభుత్వం వేసిన రోడ్డూ రైలూ కరెంటే పునాది; అక్కడా కొందరికి పని దొరికింది. అయితే పని దొరికిందన్న మాటతో హక్కు ప్రశ్న తీరదు. పనికి కూలి వస్తుంది, ఆ కూలి ఆ రోజుతో సరి. పట్టా మాత్రం మనమలకు కూడా పోతుంది.

యీ మధ్య చరిత్ర దీన్నే మరొక తీరున రుజువు చేసింది. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. ఆ ముందూ వెనకా నందిగామ, కంచికచర్ల దారిలో భూముల బేరాలు వేడెక్కాయి. 2019లో ప్రభుత్వం మారి రాజధాని ఆలోచన మారేసరికి చల్లబడ్డాయి. 2024లో మళ్ళీ ఆశలు లేచాయి. భూమి అదే, మట్టి అదే. యెవరూ వొక తట్ట యెత్తలేదు. వొక నిర్ణయంతో యెక్కి మరొక నిర్ణయంతో దిగే విలువ యజమాని చెమటలోది యెట్లా అవుతుంది?

కనక కాలవలు, రోడ్లు, రాజధానులు అడిగే మనం, వాటితో పాటే మరి రెండు అడగాలి. పెద్ద కమతాల మీద పెరిగిన విలువలో సమాజం వాటా వొకటి. ఆ నేలను దున్నేవాడి పేరు కాగితం మీద వుండటం రెండోది. 2019 పంటసాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలలకు కార్డు యిస్తానన్నది, అదీ యజమాని సంతకం పెడితేనే. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే కౌలు పోతుందేమోనని రైతు భయం.

వెనక బల్ల మీది ఆ విద్యార్థి తండ్రి కాలవ కింద మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడని తరవాత తెలిసింది. కార్డు వచ్చిందా అని అడిగాను. "అడగలేదండీ. అడిగితే వచ్చే యేడు చేను యివ్వరు" అన్నాడు.