ఎవరి తరఫున?

2024 ఆగస్టు 8న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల తల్లిదండ్రుల కమిటీలకు ఎన్నికలు జరిగాయి. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి నుంచి నేనూ నిలబడ్డాను. తరగతికి ముగ్గురు కావాలి, నలుగురం ముందుకొచ్చాం. ఆ నాలుగో ఆవిడ నాట్లకు వెళ్లే కూలి. ఆ రోజు పని మానుకుని మరీ వచ్చింది. హెడ్మాస్టరు పేర్లు రాసుకుంటుంటే నా వైపు వంగి, "సంతకమే రాని దాన్ని, బడినేం చూస్తానక్కా?" అంది.

"నేనున్నాగా" అన్నాను. ధైర్యం చెప్పాననే అనుకున్నాను. ఇంటికొచ్చాక ఆ మాట నన్నే గుచ్చింది. నేనున్నానంటే ఏమిటి అర్థం? ఆమె చూడాల్సింది కూడా నేనే చూస్తాననేగా!

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. సగం మంది ఆడవాళ్లుండాలి. అణగారిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యను బట్టి చోటివ్వాలి. బడి ఎలా నడుస్తోందో గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎటు పోయాయో చూడటం వీళ్ల పని. చదువుకున్నవాళ్లే ఉండాలని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. పొరపాటున వదిలేశారని నేననుకోను. జమాఖర్చుల పుస్తకం నేను చదవగలను, నిజమే. కానీ నా కూతురికి క్యారేజీ కట్టి పంపుతాను. ఆమె కూతురు రోజూ బడిలోనే తింటుంది. అన్నం పలుకుగా ఉందో మెత్తబడిందో, గుడ్డు పెట్టారో లేదో ఆ ఇంట్లో సాయంత్రానికల్లా తెలుస్తుంది. మరుగుదొడ్డికి నీళ్లు రాని రోజున మా పిల్ల ఇంటికి పరుగెత్తుకొస్తుంది, మా ఇల్లు బడి పక్కనే. ఆ పిల్ల ఎటు పోతుంది? ఇన్నాళ్లూ ఈ సంగతి నాకు తోచనే లేదు. అలాంటి నేను ఆమె తరఫున మాట్లాడగలనా?

అసలు బడి ఎవరిది? పిల్లల్ని పంపేవాళ్లదా, ఊరందరిదా? అమెరికాలో స్కూల్ బోర్డు ఓటు మామూలుగా పౌరులది. పిల్లలు లేనివాళ్లు కూడా ఓటు వేస్తారు, పోటీ చేస్తారు. 2016లో శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు, పౌరసత్వం లేకపోయినా అక్కడ పిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులకు ఆ ఓటు దక్కాలని తీర్పిచ్చారు. మన పద్ధతి వేరు. బిడ్డ బడి మారితే కమిటీలో తల్లి చోటూ పోతుంది. ఊళ్లో కలిగినవాళ్ల పిల్లలు తెల్లారేసరికి బస్సెక్కి పట్నం వెళ్లిపోతారు కాబట్టి వాళ్లకు ఈ బడి గోడలతో పనే లేదు. వాళ్లకు పెత్తనం అక్కర్లేదు, సరే. బాధ్యత కూడా లేకుండా ఎలా పోతుంది? రేపు ఈ ఊరి చెరువునూ పంచాయతీనీ చూసుకోవాల్సింది ఇక్కడ నేల మీద కూర్చుని చదువుకుంటున్న పిల్లలే కదా.

మా బడిలో చేతులెత్తించి లెక్కపెట్టారు. ఆమె పేరు చదవగానే నాట్ల ముఠాలో ఆడవాళ్లు ముందు మేస్త్రి మొహం చూశారు. అతని కొడుకూ మూడో తరగతే, అతనూ పోటీలో ఉన్నాడు. రేపు పనికి పిలవాల్సింది అతనే. కొన్ని చేతులు సగం దాకా లేచి దిగిపోయాయి. వాటిని ఎటు లెక్కపెట్టాలి? చీటీలు వేసుంటే ఎలా ఉండేదోనని ఇప్పటికీ అనుకుంటాను. ఆమె ఓడిపోయింది, నేను గెలిచాను.

బడి జరిగేది పిల్లల కోసం, ఓటు మాత్రం వాళ్లకు లేదు. నీల్ అనే ఉపాధ్యాయుడు 1921లో మొదలుపెట్టిన, తర్వాత ఇంగ్లండుకు మారిన సమ్మర్‌హిల్ బడిలో పిల్లకీ పంతులుకీ తలా ఒక ఓటు. మన ఊళ్లలో అది కుదురుతుందా అని కాదు నా ప్రశ్న. పిల్లలకు తెలిసింది మన దాకా ఏ దారిన వస్తుందన్నదే నన్ను వదలడం లేదు.

మొదటి సమావేశానికి ముందు రోజు సాయంత్రం ఆమె ఇంటికెళ్లాను. బడికి ఏం కావాలంటావు అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కొళాయి ఎత్తులో ఉందంట అక్కా. ఒకటో తరగతి పిల్లలకు అందట్లేదంట. పళ్లెం కడుక్కోలేక పావడాలకు తుడుచుకుంటున్నారంట" అంది. బడి పక్కనే ఉంటూ నేనది చూడలేదు.

మర్నాడు సమావేశంలో చెప్పాను. తీర్మానాల పుస్తకంలో ఆమె పేరు కూడా రాయమన్నాను. సభ్యురాలు కాదు కదా, కుదరదన్నారు. నా పేరే రాశారు. ఆమెకు కొళాయి సంగతి చెప్పింది ఆమె కూతురు. ఒకటో తరగతి పిల్లల పళ్లేలు ఆ పిల్లే కడిగిపెడుతోందట.