సమష్టికార్యము - వ్యక్తిబాధ్యత

“పదిమందిలో పాము చావదు” అని సామెత. చేతులింత సమృద్ధిగా నుండగా పాము బ్రదుకుటకు హేతువేమి? దానిని చంపవలెనను కోరిక యందఱికిని గలదు. ప్రక్కవాడు కొట్టునను నమ్మకమును అందఱికిని గలదు. లక్ష్య మొక్కటియైనంత మాత్రమున ప్రయత్నము కలుగదనుట కింతకంటె సాక్ష్య మక్కఱలేదు.

ప్రయోగములును దీనినే స్థిరపఱచినవి. ఫ్రాన్సుదేశపు వ్యవసాయశాస్త్రజ్ఞుడు రింగెల్మన్ మనుష్యులచేత త్రాడు లాగించి, ఫలితములను 1913లో ప్రకటించెను. ఎనిమిదిమంది కలిసి లాగినపుడు ఒక్కొక్కని బలము, ఒంటరిగా లాగినప్పటిదానిలో సుమారు సగమునకు దిగెను. కొంత నష్టము పొందిక లేమివలన కలుగును. కాని 1979లో అమెరికాలో లాతానే మొదలగువారు చప్పట్లతోను కేకలతోను పరీక్షించి, ప్రయత్నమే తగ్గుచున్నదని చూపిరి. తన పాలు వేఱుగ తెలియునని యెఱిగినపుడు ఈ అలసత్వము తగ్గునని తరువాతి పరీక్షలు తెలిపినవి.

అట్లయిన ప్రతివాని వెనుక నొక కావలివానిని నిలుపవలయునా? అక్కఱలేదని మా యభిప్రాయము. 1921లో చీరాల-పేరాల ప్రజలు పురపాలకసంఘపు పన్నులను నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమున పాకలు వేసికొని సుమారు 11 మాసములు నివసించిరి. అచట లక్ష్యము ఉమ్మడిది; త్యాగము మాత్రము ఎవరిది వారిదే. ఒకని యిల్లు వానికి మాఱుగా పొరుగువాడు విడువజాలడు గదా! వంతు స్పష్టమై, లక్ష్యము హృదయమునకు సొంతమైనచోట కావలివానితో పనిలేదు.

వృత్తిరీత్యా మే మెఱిగిన న్యాయ మొకటి కలదు. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ప్రకారము, వేఱు ఒడంబడిక లేనియెడల, కలిసి మాట యిచ్చినవారిలో ఏ యొక్కనినైనను మొత్తము నెఱవేర్పుమని నిర్బంధింపవచ్చును. “నా వంతు పదవ పాలే” యను ప్రతివాదము చెల్లదు. తక్కినవారినుండి వారి వంతులు రాబట్టుకొనుట తరువాతి మాట.

రూకల వ్యవహారమున కింత నిక్కచ్చియైన న్యాయముండగా, ధర్మకార్యమున మాత్రము మన మేల పదవ పాలుతో తృప్తి చెందవలయును? సభలో చేతులెత్తి తీర్మానించినవారు ఇండ్లకు పోవుదురు. ఆ తీర్మానమును నమ్ముకొన్న దీనులు వాకిట నిలిచియుందురు. వారి కష్టము మన సంఖ్యచేత భాగింపబడదు. కావున సభ ముగియకమున్నే ప్రతివాడును తన పని యిదియని పేరుపెట్టి చెప్పవలయును. చెప్పిన పిదప, తా నొక్కడే మాట యిచ్చినట్లు నడుచుకొనవలయును.