నొప్పికి సెలవెవరిస్తారు?

ఎన్నూరు అంటే ఇవాళ బూడిద, పొగ, కంటెయినరు లారీలు గుర్తొస్తాయి. తెల్లదొరల కాలంలో అది మద్రాసు నుంచి ఒళ్ళు సేదదీర్చుకోవడానికి వెళ్ళే ఊరు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు మన చిత్తూరు జిల్లా నీళ్ళు కూడా మోసుకొచ్చే కుశస్థలి. ఇక్కడివాళ్ళు కొసస్తలై ఆరు అంటారు. 1970లో అక్కడ థర్మల్ కేంద్రం వచ్చింది. 2017లో అది మూతపడే నాటికి, 1994లో మొదలైన ఉత్తర చెన్నై కేంద్రం పక్కనే ఉంది. విశ్రాంతి కావలసినవాళ్ళు ఇప్పుడు మహాబలిపురం దారిలోని రిసార్టులకో, డబ్బుంటే కేరళకో పోతున్నారు.

నడుంనొప్పి అని వారం రోజులు అలా వెళ్ళి నూనె పట్టించుకుని వస్తే తప్పా?

తప్పే అనేవాళ్ళున్నారు. "మూటలు మోసేవాడికి లేని నొప్పి నీకొచ్చిందా?" అంటారు. వినడానికి అభ్యుదయంగానే ఉంటుంది గాని, ఈ మాట ముందు అవమానించేది మూటలు మోసేవాణ్ణే. అతనికి నొప్పి లేదని ఎవరు చెప్పారు? చెప్పుకునే వ్యవధి లేదు, అంతే. మనం దానికి ఓర్పు అని పేరు పెట్టి మెచ్చుకుంటాం. మెచ్చుకోలుకి ఖర్చు లేదు కదా.

మర్దనాతో నొప్పి తగ్గడం భ్రమ కాదు. రుద్దిన స్పర్శ వెన్నుపాములో నొప్పి కబురుకి అడ్డుపడుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సిద్ధాంతీకరించారు. వివరాలు తరవాత మారాయి గాని మూలసూత్రం నిలిచింది. మన అమ్మమ్మలకు ఆ సిద్ధాంతం తెలియదు, పని తెలుసు. బాలింతకు నూనె రాసి, వావిలాకు (అదే, ఇక్కడి నొచ్చి) వేసి కాచిన నీళ్ళు పోసేవారు. దాన్నెవరూ విలాసం అనలేదు. అయితే ఆ నీళ్ళతోపాటు ఆమెకు ఇంకొకటి దక్కేది: కొన్నాళ్ళు ఏ పనీ చెప్పకపోవడం. కేరళలో కర్కాటక మాసపు చికిత్స కూడా అంతే. వానలకు పొలం పని ఆగే రోజుల్లోనే ఒంటికి నూనె.

నీళ్ళ సంగతే చూడండి. నడుంలోతు నీళ్ళలో నిలబడితే కాళ్ళమీది బరువు సుమారు సగం తగ్గుతుంది. కీళ్ళనొప్పులవాళ్ళను వేణ్నీళ్ళ తొట్టిలో దించేది అందుకే. ఎన్నూరు పాయలో ఇరుళర్ స్త్రీలు అదే లోతులో, బుట్ట పళ్ళతో కరిచిపట్టుకుని, బురదలో చేతులు పెట్టి రొయ్యలు ఏరతారు. అక్కడా వేణ్నీళ్ళున్నాయి, థర్మల్ కేంద్రం యంత్రాలను చల్లార్చి వదిలినవి. నూనె కూడా వచ్చింది, 2023 డిసెంబరు తుపాను వరదల్లో రిఫైనరీ వైపు నుంచి. నీళ్ళే మందయితే వాళ్ళంత ఆరోగ్యవంతులు ఉండకూడదు. కాని తొట్టిలో మనిషి చాలనిపించినప్పుడు లేచి బయటికి వస్తాడు. ఆమె బుట్ట నిండేదాకా రాలేదు.

కనుక రిసార్టు మనకు అమ్మేది నూనె కన్నా ఆ లేచి వచ్చే వీలునే అనుకుంటాను. దాన్ని కొనుక్కున్నవాడి మీద నాకు కోపం లేదు. అతని నొప్పి కూడా నొప్పే. అది కొనుక్కోవలసిన సరుకు ఎందుకయిందన్నదే నా పేచీ. అదే ఎన్నూరులో ఈఎస్ఐ ఉన్న ఫ్యాక్టరీ కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజులదాకా జీతంలో 70 శాతం ఇస్తారు. అతను దాన్ని దానమనుకోడు, హక్కుగా అడుగుతాడు. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టుకోవడానికి ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవలు ఆపుతారు. ఆ రోజులకు మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. చేపల పుణ్యమా అని పడవవాడి నడుముకీ కాస్త తెరిపి. పాయలో చేత్తో రొయ్యలేరే ఆమె పని మాత్రం ఆ 61 రోజుల లెక్కలోకి రాదు, ఈఎస్ఐ లెక్కలోకీ రాదు.