వాహనము బోల్తా పడినది – బాధ్యుడెవరు?

ప్రమాదవార్త చదివేటప్పుడు మన మనస్సు వెదికేది మరణించినవాని పేరును కాదు, తప్పు చేసినవాని పేరును. “అతివేగమే కారణము” అనే వాక్యము కనబడగానే ఒక విధమైన ఊరట కలుగుతుంది. అతడు వేగముగా నడిపినాడు, మనము అట్లు నడపము, కావున మనకా గతి పట్టదు అని లోలోపల ఒక లెక్క కుదురుతుంది. ఈ ఊరట ధర్మమైనదేనా అన్నది ఇచట విచారింపదలచిన విషయము. ఇందుకు తీసుకొన్న ఉదాహరణ దూరదేశపుది. అమెరికాలో రహదారి విడిచి పొలాలలో, అడవులలో, ఇసుక దిబ్బలపై తిరిగేందుకు తయారైన వాహనాల కథ. మన ఊరి సంగతియైతే మనకు ఏదో ఒక పక్షముండును. పరాయి ఊరి తగవును కొంత నిదానముగా వినగలము గదా.

హోండా సంస్థ 1970లో అచట ఒక మూడు చక్రాల బండిని విక్రయించ నారంభించినది. ముందొక చక్రము, వెనుక రెండు. టైర్లు లావైనవి, వానిలో గాలి మిక్కిలి తక్కువ. తొలినాటి బండ్లకు వేరే స్ప్రింగులు లేవు, కుదుపునంతటిని టైర్లే భరించవలెను. చూచుటకు ఆటబొమ్మ వలె ఉండేది. రెండు చక్రాల బండికంటె మూడు చక్రాల బండి స్థిరముగా నిలుచునని ఎవరైనను అనుకొందురు. చిక్కంతయు ఇచటనే ఉన్నది. వెనుక చక్రాలు రెండును ఒకే ఇరుసుకు బిగింపబడి సమానముగా తిరుగుతవి. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోవలసియుండగా, ఇరుసు ఒక్కటే కనుక లోపలి చక్రము కొంచెము జారితేగాని బండి సరిగా తిరుగదు. అందుకు నడిపేవాడు దేహమును మలుపు వైపునకు వంచుతూనే, బరువును వెలుపలి పాదముపై మోపవలెను. ఇది నేర్చుకొంటే వచ్చే విద్య, పుట్టుకతో వచ్చేది కాదు. నేర్వనివాడు బండి ఒరుగగానే సైకిలు మీద వలె కాలు నేలకు ఆనిస్తాడు. ఆనించిన కాలి మీదికి వెనుక చక్రము ఎక్కుతుంది.

1980 తరువాత ఈ బండ్ల అమ్మకము బాగుగా పెరిగినది. నాలుగు చక్రాలవి కూడా వచ్చినవి. గాయపడినవారును పెరిగినారు. వారిలో పదహారేండ్లు నిండని పిల్లలు చాలమంది. పత్రికలు, టెలివిజన్ ఈ విషయమును చేపట్టినవి. వినియోగ వస్తువుల భద్రతను చూచే ప్రభుత్వ కమిషన్ విచారణ జరిపినది. 1987 డిసెంబరులో ప్రభుత్వము కంపెనీలపై దావా వేసినది. 1988 ఏప్రిల్ 28న న్యాయస్థానము ఆమోదించిన ఒడంబడిక ప్రకారము హోండా, యమహా, సుజుకి, కవాసాకి, పోలారిస్ సంస్థలు కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకమును నిలిపివేసినవి. పెద్ద బండ్లను పదహారేండ్లలోపు పిల్లల కొరకు అమ్మరాదనియు, కొనినవారికి శిక్షణ ఇవ్వవలెననియు, హెచ్చరిక పత్రములు అంటించవలెననియు నియమములు ఏర్పడినవి. అయితే అప్పటికే ఇండ్లకు చేరిన బండ్లను వెనుకకు తీసుకొని సొమ్ము చెల్లించవలెనన్న నియమము అందులో లేదు.

ఆనాటి వాదోపవాదములందు ఒక పక్షమువారు పదే పదే వాడిన మాట “వ్యక్తిగత బాధ్యత”. బండిలో దోషము లేదు, హెల్మెట్ ధరించనివాడు, ఒక్కరు ఎక్కవలసిన బండిపై ఇద్దరిని ఎక్కించినవాడు, త్రాగి నడిపినవాడు ప్రమాదమును కొనితెచ్చుకొన్నాడని వారి వాదము. ఇది అబద్ధము కాదు. అట్టి ప్రమాదములు అనేకము జరిగినవి. రెండవ పక్షమువారు బండినే హంతకిగా వర్ణించినారు. కాలు ఆనించినవాడు చేసిన పని దేహస్వభావము, ఆ స్వభావము నెరిగియు అట్టి బండిని బొమ్మవలె అమ్మినవారిదే నేరమని వారి వాదము. ఇదియు అబద్ధము కాదు.

ఇక టెలివిజన్ సంగతి. 1980 డిసెంబరులో సీబీఎస్ వారి “సిక్స్టీ మినిట్స్” కార్యక్రమములో సి.జె.-5 అనే జీపు మలుపులో పల్లటీ కొట్టే దృశ్యములు చూపినారు. బీమా కంపెనీల పరిశోధనా సంస్థ జరిపిన పరీక్షలవి. 435 పరుగులకు ఎనిమిది పల్లటీలు లభించినవని తరువాత తెలిసినది. చూచినవారి కన్నులలో నిలిచినది ఆ ఎనిమిదియే. మిగిలిన 427 సార్లు జీపు నిలిచియే ఉన్నదన్న సంగతి ఎవరికిని కనబడలేదు. జీపు తయారుచేసిన సంస్థవారు అన్యాయమన్నారు. వారి ఫిర్యాదులో న్యాయమున్నది. లెక్క చెప్పకుండ దృశ్యమును మాత్రము చూపుట అర్ధసత్యము. విలేఖరి పనియు కాయకమే. నేతగాడు పడుగులో సగము పోగులు దాచి బట్టను చూపినట్లయినచో దానిని శుద్ధమైన కాయకమని ఎవరందురు? అయినను ఆ సంస్థవారిని ఒక్క మాట అడుగవలసి యున్నది. 435లో ఎనిమిది అన్నది సున్న కాదు. ఆ పరీక్షలు కఠినమైనవి, నిజమే. కాని ఎనిమిదిని మాత్రమే చూపినవాడు ఎంత అర్ధసత్యము పలికినాడో, 427ను మాత్రమే చూపేవాడును అంతే పలుకును.

మరింత స్పష్టమైన నిదర్శనము 2009 నాటిది. యమహావారి “రైనో” అనే బండి 2003లో వచ్చినది. ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి కారు వలె స్టీరింగుతో నడిపేది. సీటు బెల్టు, పైన ఇనుప చట్రము ఉన్నవి. 2009 మార్చి 31న అదే భద్రతా కమిషన్ ఒక ప్రకటన చేసినది. ఈ బండికి సంబంధించి ఏబదికి పైగా ఘటనలను పరిశీలించితిమనియు, వానిలో 46 మంది మరణించిరనియు తెలిపినది. మూడింట రెండు వంతులకు పైగా ఘటనలలో బండి పల్లటీ కొట్టినది. చాలమంది బెల్టు కట్టుకొని ఉండలేదు. అదే ప్రకటనలో, పల్లటీలలో అనేకము చదునైన నేలపై, తక్కువ వేగముతో మలుపు తిరుగుచుండగా జరిగినట్లు కనబడుచున్నదనియు చెప్పినారు. కంపెనీ ఉచితముగా మరమ్మతు చేసి ఇచ్చుటకు అంగీకరించినది. వెనుక చక్రములను కొంత వెలుపలికి జరుపుట, వెనుక నున్న ఒక కడ్డీని తీసివేయుట ఆ మరమ్మతులో భాగములు.

ఈ ఒక్క ప్రకటన నుండియే రెండు శీర్షికలు తీయవచ్చును. “బెల్టు కట్టుకొనక ప్రాణములు పోగొట్టుకొన్నారు” అనియు వ్రాయవచ్చును, “చదును నేలపైననే పల్లటీ కొట్టే బండి” అనియు వ్రాయవచ్చును. రెండింటికిని ఆధారమున్నది. ఒకటి చదివినవాడు కంపెనీని క్షమించును, మరొకటి చదివినవాడు నడిపినవానిని క్షమించును. ఇచటనే మన ఆలోచన దారి తప్పుచున్నది. బాధ్యత అనునది అన్నదమ్ములు పంచుకొనే పొలము వంటిదని, ఒకరి వాటా పెరిగితే మరొకరిది తరుగునని మనము తలంచుచున్నాము. అది అట్టిది కాదు. బెల్టు కట్టుకొననివాని తప్పు పూర్తిగా అతనిదే. చదునైన నేలపై నిలువని బండిని అమ్మినవాని తప్పు పూర్తిగా వానిదే. మొదటివాడు బెల్టు కట్టుకొనలేదు గనుక రెండవవాని చక్రములు సరియైన చోట ఉన్నట్లు కాదు. ఋణగ్రస్తులు ఇద్దరున్నంత మాత్రమున ఎవరి ఋణమును తీరదు.

తెలుగు పత్రికల భాష ఈ విషయమున విచిత్రమైనది. ట్రాక్టరు కూడా పొలములో తిరిగే వాహనమే కనుక చెప్పుచున్నాను. “ట్రాక్టరు అదుపు తప్పి బోల్తా పడినది” అని వ్రాయుట మనకు పరిపాటి. ఆ వాక్యములో కర్త ట్రాక్టరు! అదుపు చేయవలసినవాడు లేడు, ట్రాలీలో అంతమందిని కూర్చుండబెట్టినవాడు లేడు, గట్టు ఎత్తు, మట్టి తడి లేవు. కొన్ని దినములలో “డ్రైవరు నిర్లక్ష్యము” అనే మరొక మాట చేరును. దానితో వార్త ముగియును. వార్త ముగిసినంత మాత్రమున విచారణ ముగిసినట్లు కాదని పాఠకునకు ఎవరును చెప్పరు.

“వ్యక్తిగత బాధ్యత” అనే మాట గొప్పది. కాని దానిని పలికే నోటిని బట్టి దాని విలువ మారును. బండి ఎక్కేవాడు “నా ప్రాణమునకు, నా వెనుక నడిచేవాని ప్రాణమునకు నేనే బాధ్యుడను” అని ఉత్తమ పురుషలో అనుకొన్నచో అది ధర్మము. అదే మాటను బండి అమ్మినవాడు, చనిపోయినవానిని గూర్చి ప్రథమ పురుషలో అన్నచో అది నింద. కంపెనీవాడు నిజముగా బాధ్యతను నమ్మినవాడైతే, నడిపేవాడు ఏమి చేయలేదో లెక్కించుటకు ముందు తానేమి చేయలేదో లెక్కించుకొనవలెను.

పిల్లల విషయములో ఈ మాటకు అసలే తావు లేదు. పండ్రెండేండ్ల బాలుడు పెద్ద బండి ఎక్కి పల్లటీ కొట్టినప్పుడు “వాడు జాగ్రత్తపడలేదు” అనుట హాస్యాస్పదము. జాగ్రత్త అనే గుణము ఆ వయస్సున పూర్తిగా పండదు గనుకనే ఇంట పెద్దలున్నారు. తాళపుచెవి ఇచ్చిన చేయి పెద్దవారిది. బాలుడు ఏడ్చినాడని ఇచ్చితిమందురు, ప్రక్కింటివారు ఇచ్చినారని ఇచ్చితిమందురు, కంపెనీవారు పిల్లల బొమ్మను ప్రకటనలో వేసినారని ఇచ్చితిమందురు. ఈ మూడవదానిలో కొంత పస లేకపోలేదు. అయినను చేయి తమదే.

1988 నాటి ఒడంబడిక కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకమును ఆపినదే కాని, ఇండ్లలో ఉన్నవానిని కదిలించలేదు. ఆ ఏప్రిల్ మాసమున వార్త చదివిన ప్రతి తండ్రి కొట్టములోను ఆ బండి మునుపటి వలెనే నిలిచి యున్నది. ప్రభుత్వము చేయవలసినది చేసినది. కంపెనీ ఒప్పుకొన్నంతవరకు ఒప్పుకొన్నది. పత్రిక మరునాడు మరొక వార్తకు పోయినది. సాయంకాలము బడి నుండి వచ్చిన కుమారుడు తాళపుచెవి అడిగినప్పుడు ఏమి చెప్పవలెనన్నది ఆ తండ్రికే మిగిలినది.