అద్దె గదిలో అయిదు రాత్రులు



ఇంటికి దూరముగా పని చేసే సహోదరుల కొరకు ప్రార్థించమని మనము తరచుగా కోరుతుంటాము. అది మంచిదే. అయితే ప్రార్థనతోపాటు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటున్నాడు? అతనికి చోటు ఇచ్చినవాడు అద్దె పుచ్చుకున్న తరువాత ఇంకేమైనా బాకీ ఉన్నాడా? ఈ విషయమును గురించి కొంచెము ఆలోచింతము.

తమిళనాడులోని సాత్తూరునే తీసుకుందాము. విరుదునగర్‌కు, కోవిల్‌పట్టికి నడుమ వైప్పారు ఒడ్డున ఉన్న పట్టణమది. అగ్గిపెట్టెలు, బాణసంచా, కారపు సేవు, ఒకప్పుడు కలము పాళీలు ఆ ఊరికి పేరు తెచ్చినవి. రహదారి పనులు, రైలు మార్గపు పనులు, మిల్లులు, గాలిమరలు ఉన్న ఆ ప్రాంతమునకు బయటివారు పనికి వస్తుంటారు. చెన్నైలో స్థిరపడిన మన తెలుగువాడొకడు అక్కడ చిన్న వైరింగు కాంట్రాక్టు పట్టాడనుకోండి. పది నెలల పని కొరకు పిల్లల బడి మాన్పించి, భార్య ఉద్యోగము మాన్పించి కుటుంబమును తీసుకొని వెళ్ళలేడు. ఆదివారము రాత్రి రైలెక్కి సోమవారము ఉదయమునకు పనిలో ఉంటాడు. శనివారము రాత్రి మరల రైలు. ఆదివారము ఆరాధనలో వెనుక బెంచీమీద అతనికి కునుకు పడుతుంది. ఆ కునుకును చూచి భక్తి తగ్గిపోయిందని మనము అనుకుంటాము. రెండు రాత్రులు రైలులో గడిపాడని అనుకోము.

మిగిలిన అయిదు రాత్రుల సంగతి ఏమిటి? లాడ్జీలో ఉంటే దినదినము కట్టే అద్దెకు లాభమంతా కరిగిపోతుంది. ఇంటి గది అడిగితే మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. కుటుంబము వెంట ఉన్నదా? మాంసము వండుతారా? మీరేమిటివాళ్ళు?

ఈ మూడవ ప్రశ్న ఆ ప్రాంతములో తెలుగులోనే వినబడవచ్చును. ఆ నల్లరేగడి నేలమీద ఇంట్లో తెలుగు మాట్లాడి, బయట తమిళము వ్రాసుకొనే కుటుంబములు ఎన్నో ఉన్నవి. విజయనగర రాజుల కాలములోను, మదురై నాయకుల కాలములోను వారి పెద్దలు ఉత్తరము నుండి వలస వచ్చారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగే. అటువంటి వలస కథనే ఆయన 1976లో ‘గోపల్ల గ్రామం’ అనే నవలగా వ్రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది. ఇంత దూరములో తెలుగు వినబడితే మనవాని ప్రాణము లేచి వస్తుంది. ఆ తెలుగులోనే కులము అడిగితే మాత్రము రెండింతలు నొచ్చుకుంటాడు.

అయితే సాత్తూరువారిని తప్పు పట్టకముందు మన మేడమీది గదులను చూచుకుందాము. మన తాతలలో చాలామంది పరాయి ఊరికి ఒక ట్రంకు పెట్టెతో వచ్చి, ఎవరి వరండాలోనో తల దాచుకొన్నవారే. ఈనాడు మనలో కొందరి గేట్లకు ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అనే బోర్డు వ్రేలాడుతున్నది.

ఇంటివారి భయములు ఉత్తవి కావు. ఎదిగిన ఆడపిల్లలు ఉంటారు. త్రాగి వచ్చేవారు, బాకీ పెట్టి వెళ్ళిపోయేవారు కూడ లోకములో ఉన్నారు. జాగ్రత్తపడుట పాపము కాదు. కాని జాగ్రత్త వేరు, వివక్ష వేరు. జాగ్రత్త గలవాడు ఆ మనిషి నడత ఎట్టిదో, పని ఏమిటో, అతనిని ఎరిగినవారు ఎవరో అడుగుతాడు. వాటికి అతడు జవాబు చెప్పగలడు. వివక్ష అతని పుట్టుకను అడుగుతుంది. ఎంత మంచిగా నడుచుకొన్నా అతడు దానిని మార్చుకోలేడు. మనము అడిగే ప్రశ్న ఈ రెండింటిలో ఏ జాతికి చెందినదో పరీక్షించుకోవాలి.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట ఉండి డేరాలు కుట్టాడు. వారు రోమా నుండి వెళ్ళగొట్టబడినవారు. ఇల్లు పోగొట్టుకొన్నవారే ఇంకొకనికి ఇల్లు చూపారు. రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములోని షూనేమీయురాలు తన ఊరిమీదుగా వచ్చిపోయే ఎలీషా కొరకు మేడమీద గది కట్టించినది. మంచము, బల్ల, పీట, దీపము అమర్చినది. అతడు అడిగేవరకు ఆగలేదు. నీకేమి చేయాలని అతడు అడిగినప్పుడు తనకేమీ కావాలని చెప్పలేదు.

ప్రతిఫలము ఆశించకుండుట మన తెలుగు బాప్టిస్టు చరిత్రలోను ఉన్నది. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును తానే కాంట్రాక్టు తీసుకొన్నారు. ఊళ్ళు విడిచి వచ్చిన వేలమందికి అక్కడ కూలి దొరికినది. బోధకులే మేస్త్రీలైనారు. అయినను కరవు సాయము సాగినంత కాలము ఆయన బాప్తిస్మములు ఆపివేశారు. అన్నము కొరకు మతము పుచ్చుకొన్నారనే మాట రాకూడదని ఆయన ఉద్దేశము. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. మనకు పాఠము ఇదే. చోటు ఇచ్చి మనిషిని కొనకూడదు. మన గదిలో ఉన్నాడు గనుక మన కూటమికి రావాలి, మన పక్షమున ఓటు వేయాలి అంటే అది ఆతిథ్యము కాదు, ఎర. అద్దె తీసుకొనుట న్యాయమే. అద్దెతో తీరనిది పలకరింపు, జ్వరము వస్తే గ్లాసెడు గంజి, ఇంటి నుండి కబురు వస్తే తలుపు తట్టి చెప్పుట. ఇవి బేరములోకి రావు.

కాంట్రాక్టరు సహోదరునికి కూడ ఒక మాట. నీ గది దొరికిన దినమున నీ కూలివారు ఎక్కడ పడుకొన్నారో చూచుకో. వలస కార్మికులకు తగిన వసతి చూపే బాధ్యతను 1979లో పార్లమెంటు చేసిన చట్టము కాంట్రాక్టరు మీదనే పెట్టినది. చట్టము లేకపోయినను ఆ బాధ్యత పోదు. వారు వర్షములో టార్పాలిను క్రింద ఉండగా నీవు ఫ్యాను క్రింద చేసే ప్రార్థన ఎట్టిదో నీవే ఆలోచించుకో.

మన సంఘములు చేయగల పనులు మూడు తోచుచున్నవి. మొదటిది, పనికి వెళ్ళే సభ్యునికి పాస్టరుగారు పరిచయ పత్రము ఇవ్వవచ్చును. అది బదిలీ పత్రము కాదు, ఇతడు మాకు తెలిసినవాడు అనే సాక్ష్యము. రెండవది, అద్దెకు గదులున్న సభ్యుల పేర్లు సంఘ కార్యదర్శి దగ్గర ఉంచవచ్చును. మూడవది, వారము మధ్యలో ఒక సాయంత్రము అతనిని భోజనమునకు పిలువవచ్చును. 1903లో తెలుగు బాప్టిస్టులు నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, అక్కడి ఒప్పందపు కూలీల మధ్యకు పంపారు. మనవాని వెనుక సముద్రము దాటి వెళ్ళిన సంఘమునకు మేడమెట్లు ఎక్కుట కష్టము కాదు.

ఈ ఆదివారము వెనుక బెంచీమీద ఎవరైనా కునుకుతుంటే లేపవద్దు. ఆరాధన అయిన తరువాత దగ్గరకు వెళ్ళి, వారమంతా ఎక్కడ ఉంటున్నావు నాయనా అని అడుగుదము. ప్రభువు మన ఇండ్లను, దూరపు గదులలో ఉన్న మనవారిని కాపాడును గాక. ఆమేన్.