అడుగుతూనే ఉన్నవాళ్ళు

ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, నెల మొదటి వారాంతంలో సాల్ట్ లేక్ సిటీలో మోర్మన్ల మహాసభ జరుగుతుంది. 21,000 మంది పట్టే హాలు. అక్కడ పొద్దున్న పదింటికి మొదలయ్యే సభ కెనడాలోని సర్రీలో మాకు తొమ్మిదింటికి, హైదరాబాదువాళ్ళకి రాత్రి తొమ్మిదిన్నరకి. కావాలంటే తెలుగులోనే వినొచ్చు. నేను ఆ సంఘంలో సభ్యురాలిని కాను, కాబోను కూడా. వెంకటేశ్వరస్వామి పటం ముందు దీపం పెట్టుకునేదాన్ని, అదీ రోజూ కాదు. అయినా కొన్నేళ్ళుగా ఆ ప్రసంగాలు వింటున్నాను. ఫ్లీట్‌వుడ్‌లో మాకు రెండు వీధుల అవతల ఉండే రాజమండ్రి పిన్నిగారికి టాబ్లెట్‌లో తెలుగు ప్రసారం వెతికి పెట్టడానికి వెళ్ళేదాన్ని. వెళ్ళినదాన్ని కూర్చునేదాన్ని. అలా అలవాటైంది.

మోర్మన్లు అన్న పేరు ఇప్పుడు వాళ్ళకి ఇష్టం లేదు. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అని పూర్తి పేరే వాడమని 2018లో అప్పటి అధ్యక్షుడు రసెల్ నెల్సన్ చెప్పారు. పిన్నిగారు మాత్రం ‘మా చర్చి’ అంటారు. తగువు తీరిపోతుంది.

విశ్వాసం, ఓర్పు. ఏ సభలో చూసినా ఈ రెండింటి మీద కనీసం ఒక ప్రసంగమైనా ఉంటుంది. ఓర్పు మీద ఉపన్యాసమంటే నాకు చిన్నప్పటి నుంచీ అనుమానమే. మా ఊళ్ళో ఆ మాట ఆడపిల్లలకే చెప్పేవారు. మొగుడు కొట్టినా ఓర్చుకో, అత్త తిట్టినా ఓర్చుకో. చెప్పే పెద్దమనిషి వాలుకుర్చీలో ఉండేవాడు, వినే పిల్ల గుమ్మం పక్కన నిలబడి ఉండేది. సర్రీ వచ్చాక అదే మాట ఇంకో వేషంలో వింటున్నాను. 2024 జనవరిలో కెనడా ప్రభుత్వం ఆ ఏడాది స్టడీ పర్మిట్లను 35 శాతం తగ్గిస్తామని ప్రకటించింది. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటిగా నిబంధనలు మారాయి. బేస్‌మెంట్ గదుల్లో నలుగురేసి ఉంటూ, రాత్రిళ్ళు గిడ్డంగుల్లో పనిచేసే మన పిల్లలకి ఇంటి నుంచి వచ్చే ఫోన్లన్నిటిలో ఒకటే పాట: కొంచెం ఓపిక పట్టు నాన్నా, అంతా సర్దుకుంటుంది. ఏం సర్దుకుంటుందో, ఎవరు సర్దుతారో చెప్పేవాళ్ళు లేరు. దుఃఖ నివారణ్ అని పేరున్న గురుద్వారా కూడా మా సర్రీలో ఉంది. దుఃఖం తీరుస్తాననే చోటికి వెళ్ళడం నాకు అర్థమవుతుంది. దుఃఖాన్ని భరించమనే చోటికి మనుషులు ఎందుకు వెళతారన్నదే నా ప్రశ్న.

అందుకే ప్రసంగం వింటున్నప్పుడు నేను ఒక్కటే చూస్తాను. భరించమంటున్నవాడు ఫిర్యాదు చేసుకోనిస్తున్నాడా, లేదా?

ఈ సంఘానికి ఆదిలోనే ఒక ఫిర్యాదు ఉంది. 1838 డిసెంబరు 1న సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌ని మరికొందరితో కలిపి మిస్సోరీ రాష్ట్రంలోని లిబర్టీ జైల్లో పెట్టారు. చలికాలమంతా నేలమాళిగలోనే గడిచింది. పొడుగు మనిషి నిటారుగా నిలబడలేనంత కిందికి ఉండేది పైకప్పు. మోర్మన్లను నిర్మూలించాలి, లేదా రాష్ట్రం నుంచి తరిమేయాలి అని గవర్నర్ బాగ్స్ అప్పటికే ఉత్తర్వు ఇచ్చి ఉన్నాడు. బయట వేలమంది ఆ మంచులోనే ఇళ్ళు వదిలి నడుస్తున్నారు. 1839 మార్చిలో జైలు నుంచి స్మిత్ రాయించిన పొడవాటి ఉత్తరంలో కొన్ని భాగాలు ఇప్పుడు వాళ్ళ లేఖనాల్లో ఉన్నాయి. అందులో ముందుగా వచ్చేది స్తోత్రం కాదు. దేవా, నువ్వెక్కడున్నావు, ఎక్కడ దాక్కున్నావు, ఇంకా ఎన్నాళ్ళు చేతులు కట్టుకుని చూస్తావు అని నిలదీయడం.

తెలుగువాళ్ళకి ఈ గొంతు కొత్తేమీ కాదు. భద్రాచలం తహశీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టించాడని తానీషా గోల్కొండలో ఖైదు చేయించాడు. పన్నెండేళ్ళని చెబుతారు. గోపన్న ఆ చీకటిగదిలో కూర్చుని రాముడికి లెక్కలు అప్పజెప్పాడు. ఎవరికి ఏ నగ చేయించిందీ, దానికి ఎంత ఖర్చయిందీ ఏకరువు పెట్టి, కోపమొచ్చి తిట్టి, తిట్టినందుకు మళ్ళీ బతిమాలుకున్నాడు. మనం ఆ తిట్లని దాచిపెట్టలేదు. ఉత్సవాల్లో మైకులు పెట్టి పాడిస్తాం.

తేడా అంతా జవాబులో ఉంది. రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి ఆరు లక్షల మాడలు కట్టి రసీదు కూడా పుచ్చుకున్నారని మన కథ. స్మిత్‌కి రసీదు రాలేదు. ఇది కాస్త కాలమే, నీ స్నేహితులు నిన్ను విడిచిపోలేదు, నువ్వింకా బైబిల్లోని యోబు అంత స్థితికి రాలేదు అని మాత్రం వినిపించింది. మూడో మాట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. నీకంటే కష్టపడ్డవాళ్ళు లేరటే అని మా అమ్మమ్మ కసిరినట్టే ఉంది. ఏప్రిల్‌లో వేరే జిల్లాకి తరలిస్తుండగా కాపలావాళ్ళు చూసీ చూడనట్టు వదిలేస్తే అతను తప్పించుకున్నాడు. ఐదేళ్ళకి, 1844 జూన్ 27న, కార్తేజ్ అనే ఊళ్ళో మరో జైల్లో ఉండగా గుంపు వచ్చి కాల్చి చంపింది. అంటే ఓర్చుకుంటే ఫలితం దక్కుతుందన్న లెక్క ఈ సంఘం మొదటి ప్రవక్త విషయంలోనే కుదరలేదు. మంచి వక్తలు ఆ సంగతి మర్చిపోరు.

తక్కువరకం ప్రసంగాలూ వస్తాయి. 1856లో సాల్ట్ లేక్‌కి చేతిబండ్లు లాక్కుంటూ వచ్చిన విల్లీ, మార్టిన్ బృందాల కథని కొందరు చెప్పే తీరు నాకు మింగుడుపడదు. దాదాపు వెయ్యిమంది బయల్దేరారు. వ్యోమింగ్ మంచులో చిక్కుకుని రెండు వందలమందికి పైగా పోయారు. వాళ్ళ సహనం గురించి వేదిక మీద కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. వాళ్ళని అంత ఆలస్యంగా, ఆగస్టు సగంలో, బయల్దేరదీసింది ఎవరన్న ప్రశ్న వెనక్కి పోతుంది. ఆ ప్రశ్న అప్పుడే అడిగినవాడు ఒకడున్నాడు. లెవీ శావేజ్. ఫ్లోరెన్స్ అనే మజిలీలో లేచి నిలబడి, ముసలివాళ్ళతో పిల్లలతో ఈ కాలంలో కదలకూడదు, చలికాలం ఇక్కడే గడుపుదాం అని ఏడుస్తూ చెప్పాడు. నాయకుడు మందలించాడు, జనం ముందుకే చేతులెత్తారు. నేను చెప్పింది నిజమని నాకు తెలుసు, అయినా మీతోనే వస్తాను, మీతోనే బాధపడతాను అన్నాడు శావేజ్. వెళ్ళాడు కూడా. ఈ కథలో నాకు కావలసిన మనిషి అతనే. శావేజ్‌ని తలుచుకోకుండా చేతిబండ్ల మీద ప్రసంగం చేసేవాళ్ళు నిర్వాహకుల తప్పుని చనిపోయినవాళ్ళ ఖాతాలో పుణ్యంగా రాస్తున్నారని నా అభిప్రాయం.

2013లో జెఫ్రీ హోలండ్ చేసిన రెండు ప్రసంగాలు నేను మళ్ళీ మళ్ళీ విన్నవి. అప్పట్లో సంఘం పెద్దలైన పన్నెండుమంది అపొస్తలుల్లో ఆయన ఒకరు. ఏప్రిల్‌లో మార్కు సువార్తలోని ఒక తండ్రి గురించి మాట్లాడారు. జబ్బుపడ్డ కొడుకుని తెచ్చి, నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి కూడా నువ్వే సాయం చెయ్యి అని ఏడ్చిన తండ్రి. ఉన్న కాస్త నమ్మకాన్నీ ముందు పెట్టు, లేనిది కూడా ఉందని నటించకు అని ఆ ప్రసంగం సారాంశం. అక్టోబరులో మనోవ్యాకులత గురించి మాట్లాడారు. డబ్బు భయాలూ, విపరీతమైన అలసటా కలిసొచ్చిన రోజుల్లో తనకే ఒకప్పుడు అది వచ్చిందని అన్ని వేలమంది ముందు ఒప్పుకున్నారు. అపెండిక్స్ వాస్తే ప్రార్థన చేయించుకుంటాం, డాక్టరు దగ్గరకీ వెళతాం, మనసుకి జబ్బు చేసినా అంతే అన్నారు. మన ఊళ్ళలో ఇప్పటికీ డిప్రెషన్‌ని బద్ధకం అనో, గాలి సోకింది అనో అంటారు. ఓర్పు మీద ప్రసంగం డాక్టరు దగ్గరకి వెళ్ళమని చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. చెబుతున్నవాడు తన నొప్పిని దాచుకోలేదు కాబట్టి, ఆ వాలుకుర్చీ పెద్దమనిషి నాకు ఆరోజు గుర్తు రాలేదు.

ప్రసంగాలంటే సాల్ట్ లేక్‌లోవే కాదు. ఇక్కడ ప్రతి ఆదివారం వార్డు, అంటే స్థానిక సంఘం, సభలో మాట్లాడేదీ మామూలు జనమే. జీతం తీసుకునే పాస్టరు ఉండడు. బిషప్పు కూడా సోమవారం పొద్దున్న తన ఉద్యోగానికి వెళ్ళవలసినవాడే. నెల మొదటి ఆదివారం ఉపవాసం. రెండు పూటల భోజనం మానేసి, దానికయ్యే డబ్బు లేనివాళ్ళ కోసం ఇస్తారు. ఆరోజు ముందుగా అనుకున్న వక్తలు ఉండరు. ఎవరికి తోస్తే వాళ్ళు లేచి వెళ్ళి తమ సాక్ష్యం చెప్పుకోవచ్చు. ఎక్కువమంది కృతజ్ఞతలు చెబుతారు, కొందరు అతిగా చెబుతారు, మధ్యలో ఎవరో ఒక చిన్నపిల్ల మైకులో ముక్కు ఎగబీల్చి దిగిపోతుంది.

పిన్నిగారు ఒకసారి నన్ను అలాంటి సభకి తీసుకెళ్ళారు. రాజమండ్రిలో ఉండగానే సంఘంలో చేరారు, అక్కడే భర్త పోయారు, ఇక్కడికి కొడుకు దగ్గరకి వచ్చారు. “కాఫీ మానేశాక ఇంకే పరీక్షకీ భయపడలేదమ్మాయ్” అంటారు. కాఫీ, టీ వాళ్ళకి నిషిద్ధం. గోదావరి జిల్లా మనిషి తెల్లవారుజామున లేచి కాఫీ లేకుండా కూర్చోవడం ఏపాటి తపస్సో చెప్పక్కర్లేదు. ఆరోజు ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచి, మనవణ్ణి వెంట రమ్మని సైగ చేసి మైకు దగ్గరకి నడిచారు. తెలుగులోనే మాట్లాడారు. “మా చిన్నాడు ఇంట్లోంచి వెళ్ళిపోయి ఆరేళ్ళయింది. ఎక్కడున్నాడో చెప్పమని రోజూ అడుగుతున్నాను. దేవుడు చెప్పలేదు. ఎందుకు చెప్పడో నాకు తెలీదు. నాకు కోపంగా ఉంది. రేపూ అడుగుతాను.” అంతే. మనవడు ఒక్క క్షణం తటపటాయించాడు. ఆవిడ మోచేత్తో పొడిచారు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. సభ అయ్యాక ఇద్దరు ముగ్గురు వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు. వాళ్ళలో ఎవరూ కారణం చెప్పబోలేదు. దేవుడి సంకల్పం అనలేదు. నల్ల బ్యాడ్జీ పెట్టుకున్న పద్దెనిమిదేళ్ళ మిషనరీ కుర్రాడొకడు, ఎక్కడో ఇల్లు వదిలి రెండేళ్ళకని వచ్చినవాడు, ఆవిడ సంచి కారు దాకా మోశాడు. అందుకు వాడికి పులిహోర పెట్టి పంపారు.

సర్రీకి ఆనుకునే ఉన్న లాంగ్లీలో వాళ్ళ ఆలయం ఉంది. 2010 మే 2న అప్పటి అధ్యక్షుడు థామస్ మాన్సన్ ప్రతిష్ఠ చేశారు. ఆదివారం సభకి ఎవరైనా వెళ్ళొచ్చు. ఆలయం లోపలికి మాత్రం అర్హతపత్రం ఉన్న సభ్యులే వెళ్ళాలి. పిన్నిగారిని దింపి నేను కారులో కూర్చుంటాను. నాకు అందులో లోటేమీ లేదు. నాకు లోపల పని లేదు. అయితే అక్కడ కూర్చున్నప్పుడల్లా జేన్ మానింగ్ జేమ్స్ గుర్తొస్తుంది.

కనెక్టికట్‌లో బానిసలు కాని కుటుంబంలో పుట్టిన నల్లజాతి స్త్రీ. సంఘంలో చేరింది. 1843లో తన వాళ్ళతో కలిసి పడవెక్కబోతే బఫెలో దగ్గర ఎక్కనివ్వలేదు. దాదాపు 800 మైళ్ళు నడిచి జోసెఫ్ స్మిత్ ఉన్న నావూ పట్టణానికి చేరింది. ఆయన ఇంట్లోనే పనిచేసింది. 1847లో మొదటి బృందాలతో సాల్ట్ లేక్ లోయకి వచ్చింది. ఆకలి, చలి, బిడ్డల చావులు, అన్నీ పడింది. ఆలయంలో మిగతావాళ్ళకి జరిగే సంస్కారాలు తనకీ జరిపించమని అధ్యక్షుడి తర్వాత అధ్యక్షుణ్ణి అడిగింది. ఒంటిరంగు కారణంగా కాదన్నారు. 1894లో ఆవిడ కోసమని ఒక వింత ఏర్పాటు చేశారు. జోసెఫ్ స్మిత్ కుటుంబానికి శాశ్వతంగా సేవకురాలిగా ఆమెను జతచేసే క్రతువు. ఆలయంలో జరిగిన ఆ తంతుకి ఆవిణ్ణి రానివ్వలేదు. ఆవిడ తరఫున ఒక తెల్ల స్త్రీ నిలబడింది. జేన్‌కి అది సరిపోలేదు. మళ్ళీ అడిగింది. 1908లో చనిపోయేదాకా అడుగుతూనే ఉంది, సంఘాన్ని వదలనూ లేదు.

ఆ నిషేధం 1978 జూన్‌లో పోయింది. అదే ఏడాది డిసెంబరులో, సమోవాలో ఉద్యోగం చేస్తూ సంఘంలో చేరిన తెలుగు దంపతులు ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు హైదరాబాదు వచ్చి తమ బంధువుల్లో 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. ఎల్సీ తండ్రి, బోధకుడు పి. శ్రీనివాసం, మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తేవడానికి పూనుకున్నారు. దేశంలో మొదటి స్టేకు, అంటే కొన్ని వార్డులు కలిసిన విభాగం, అదే హైదరాబాదులో 2012లో ఏర్పడింది. పిన్నిగారు ఆ వరసలో తర్వాత వచ్చినవారే. భారతీయులకి ఆ నిషేధం వర్తించేది కాదు. అయినా ఒకే ఏడాదిలో ఒకరికి తలుపు తెరుచుకోవడం, మరొకరు మొదటిసారి లోపలికి రావడం పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఏదోలా ఉంటుంది. జేన్ తరఫున ఆలయ సంస్కారం 1979లో జరిపించారు. అప్పటికి ఆవిడ పోయి 71 ఏళ్ళు.

జేన్ పడ్డ ఈ కష్టాన్ని దేవుడు పెట్టలేదు, మంచూ పెట్టలేదు. ఓర్చుకోమని చెప్పే వేదికే పెట్టింది. అలాంటిచోట ఓర్పు మీద ప్రసంగం చేసే హక్కు ఎవరికుంది? జేన్‌కి తప్ప ఇంకెవరికీ లేదనిపిస్తుంది. చివరి రోజుల్లో రాయించిన జీవితకథలో తన విశ్వాసం మొదట్లో కంటే ఇప్పుడే గట్టిగా ఉందని ఆవిడ చెప్పుకుంది. అది చదివి నేను ఏమనుకోవాలో నాకిప్పటికీ తేలలేదు. వెళ్ళిపోయి ఉంటే నేను మెచ్చుకునేదాన్ని. ఉండిపోయినందుకు తక్కువ చేయలేకపోతున్నాను.

మొన్న ఈ కథంతా పిన్నిగారికి చెప్పాను. ఆవిడకి తెలీదు. చాలాసేపు ప్రశ్నలు వేశారు. బిడ్డలెంతమంది, ఆ నడకలో ఎవరు సాయం చేశారు, తిండికేం చేశారు అని.

“మరి ఆవిడ పోయినప్పుడు ఎవరైనా వచ్చారా?”

“అప్పటి అధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్ వచ్చి మాట్లాడాడట పిన్నిగారూ.”

“ఆవిడ అడిగితే కాదన్నవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడా?”

ఉన్నాడన్నాను. ఆవిడ మనవణ్ణి పిలిచి కాగితం తెమ్మన్నారు. పేరు తెలుగులో రాసివ్వమని నన్నడిగారు, వచ్చే ఉపవాస ఆదివారం చెబుతారట.

“నానమ్మా, అక్కడ ఇవన్నీ ఎందుకు? బాగుండదు” అన్నాడు వాడు.

“బాగుండకపోతే పోనీ. నువ్వు మాత్రం ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పు” అన్నారు పిన్నిగారు, కళ్ళద్దాలు వెతుక్కుంటూ.