ఇంజను ఆగిన వేళ

ధ్యానమునకు: 1 పేతురు 5:6, 7



2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు, చెన్నూరు మండలము సోమన్‌పల్లి యొద్ద నీళ్ల ట్యాంకుమీద చిక్కుకొనిన ఇద్దరిని వాయుసేన హెలికాప్టరు రక్షించెను. ఆ సంగతి వినినప్పుడు మనలో అనేకులకు ఒక సందేహము కలిగియుండును: అంత ఎత్తున ఇంజను ఆగిపోయినయెడల లోనివారి గతి యేమి?

రాయివలె పడిపోవుదురని మనము తలంతుము. అట్లు కాదు. పైలటు ఎడమచేతి యొద్ద ఒక మీట యున్నది. దానిని ఎత్తినయెడల రెక్కల వాలు పెరిగి యంత్రము లేచును. ఇంజను ఆగగానే, భయపడినవాని చెయ్యి ఆ మీటను పైకే లాగగోరును. అట్లు లాగినయెడల రెక్కల వేగము తగ్గి యంత్రము కూలును. నేర్చినవాడు ఒకటి రెండు క్షణములలోనే దానిని క్రిందికి దించును. అప్పుడు యంత్రము దిగుచుండగా, క్రిందినుండి వచ్చు గాలియే రెక్కలను త్రిప్పుచుండును. నేల దగ్గరపడినప్పుడు మీటనెత్తి మెల్లగా దింపును. ఈ విద్యను పైలట్లు ఆపద రాకముందే మరల మరల అభ్యసింతురు.

అయినను ప్రతి ఆపద ఇట్లు ముగియదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డి గారును మరి నలుగురును నల్లమల అడవిలో హెలికాప్టరు కూలి మరణించిరి. ఉరుము మేఘముల బలమైన గాలివలన అది అదుపు తప్పెనని విచారణ సంఘము తెలిపెను. చనిపోయినవారిని గూర్చి తీర్పు తీర్చుట మనకు తగదు. సిలోయము గోపురమును గూర్చి ప్రభువు చెప్పినది మరువకుందము (లూకా 13:4).

మన యిండ్లలోను ఇంజను ఆగు దినములు గలవు. పత్తి చేను పోవును, బోరు ఎండును, వడ్డీ పెరుగును. అప్పుడు మన చెయ్యియు పైకే లాగును. పరువు కొరకు మరియొక అప్పు చేసి పెండ్లి ఘనముగా జరిపింతుము. ఆదివారము ఏమియు జరుగనట్టు ఆరాధనలో కూర్చుందుము. అట్లు మౌనముగా భారము మోసి, తుదకు ప్రాణము తీసికొనిన రైతులు మన కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో ఎందరో గలరు.

పేతురు తగ్గించుకొనుటను ముందు చెప్పి, చింతను దేవునిమీద వేయుటను వెంటనే చెప్పెను. తగ్గించుకొననివాడు తన చింతను దించలేడు. కావున ఇంటివారితో చెప్పుదము, సంఘపెద్దతో చెప్పుదము. అట్లు చెప్పవచ్చినవానిని చూచి సంఘము నవ్వరాదు, వాని మాట ఊరిలో వేయరాదు. దిగివచ్చువానిని మోయు గాలి సంఘ సహవాసమే కావలెను. వానికి ఒక బస్తా వడ్లు కొలుచుటయు, అప్పిచ్చినవాని యొద్దకు వానితో తోడుగా నడచుటయు ప్రార్థనయే.

మన వాడలో అట్టి యిల్లు ఏదో ఈ వారమే కనుగొందము.